బరువులయ్యాక ఇరవై నిమిషాలు

మంగళవారం

పొద్దున్న ఆరింటికే గాలి బరువుగా ఉంది. రాత్రి కురిసిన వాన ఇంకా ఆరలేదు, సముద్రం వైపు నుంచి చిన్న గాలి కూడా లేదు. ఇలాంటి రోజున ఎంవీపీ కాలనీలో ఏ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కినా ఐదు నిమిషాలకే టీషర్టు ఒంటికి అతుక్కుపోతుంది. కొత్తగా చేరినవాళ్లు అది చూసి బాగా పని జరిగిందని సంబరపడతారు. కానీ విశాఖలో చెమటను కొలతగా పెట్టుకుంటే దారి తప్పినట్టే. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, దాంతో నిన్నటి వేగానికే ఇవాళ గుండె ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటుంది. అందుకే ఇక్కడ ఊపిరిని నమ్ముకోవాలి. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఆయాసం అడ్డుపడాలి. మాట మధ్యలో తెగుతోందంటే ఒక మెట్టు దిగాలి. పొడి రోజున 5 కిలోమీటర్ల వేగం హాయిగా నడిచినవాళ్లకు ఇవాళ 4.5 చాలు.

గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్ల వాచీలో అంకె ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది, ఆయాసం మాత్రం అబద్ధం చెప్పదు. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడితో ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

"సార్, ముందు కార్డియో లాగించేసి తర్వాత బరువులెత్తనా?" (కార్డియో అంటే నడక, సైకిల్ లాంటి గుండెకు పనిపెట్టే వ్యాయామం.) కొత్తవాళ్ల నుంచి ఇవాళ కూడా ఇదే ప్రశ్న. వద్దమ్మా. అరగంట సైకిల్ తొక్కిన తొడలతో స్క్వాట్ (మోకాళ్లు వంచి కూర్చుని లేవడం) చేస్తే మూడో సెట్‌కల్లా మోకాళ్లు లోపలికి వాలతాయి, నడుం గుండ్రంగా వంగుతుంది. నేర్చుకునే రోజుల్లో ఆ తప్పే అలవాటైపోతుంది. మొదట ఐదు నిమిషాల వార్మప్, తర్వాత బరువులు, చివర కార్డియో. వారానికి మూడు రోజులు వచ్చేవాళ్లకు మొదటి రెండు వారాలు 10 నిమిషాలు సరిపోతుంది. ఆపైన వారానికి రెండేసి నిమిషాలు కలుపుకుంటూ 20 దగ్గర ఆగితే మేలు. మిగతాది బీచ్ రోడ్డు మీద తీరుతుంది. జిమ్ లేని రెండు రోజులు కాళీమాత గుడికీ కురుసుర సబ్‌మెరైన్‌కీ మధ్య అటూ ఇటూ 45 నిమిషాలు చురుగ్గా నడిస్తే జిమ్‌లో 60, బీచ్ రోడ్డు మీద 90 కలిసి 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం ఇంతని చెప్పిన లెక్క సరిగ్గా అదే. నడక పేవ్‌మెంటు మీదే ఉండాలి. మెత్తటి ఇసుకలో మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి.

కొత్తవాళ్లను నడవమనే అంటాను, పరుగు వద్దు. ఎందుకంటే, పరుగులో రెండు పాదాలూ గాల్లోకి లేచి, దిగే కాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. అలవాటు లేని మోకాలికి, పైగా స్క్వాట్లు చేసొచ్చిన మోకాలికి, అంత దెబ్బ ఇప్పుడే అక్కర్లేదు.

సైకిల్ మోకాలికి మేలు చేస్తుంది, సీటు కుదిరితేనే. దాన్ని పక్కనే నిలబడి చూడాలి. సీటు పైభాగం తుంటి ఎముక ఎత్తుకు రావాలి. ఎక్కి కూర్చున్నాక మడమను పెడల్ మీద పెట్టి కిందికి దించితే కాలు నిటారుగా సాగాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలిలో కావలసిన చిన్న వంపు దానంతటదే మిగులుతుంది. సీటు కిందికుంటే మోకాలి చిప్ప ముందు నొప్పి, మరీ పైకుంటే తుంటి అటూ ఇటూ ఊగి మోకాలి వెనక లాగుతుంది. రెసిస్టెన్స్ (పెడల్ బిగువు) బొత్తిగా లేకుండా గిరగిరా తిప్పితే చక్రమే కాళ్లను లాక్కుపోతుంది. నిమిషానికి 70, 80 చుట్లు తిరుగుతూ కాలికి కొంచెం బరువు తెలియాలి.

ట్రెడ్‌మిల్ మీద ఇంక్లైన్ (బెల్టు ఏటవాలు) 12 పెట్టి, ముందు రాడ్డు పట్టుకుని వెనక్కి వేలాడేవాళ్లు సాయంత్రం కూడా కనిపించారు. చేతులే బరువు మోస్తుంటే ఆ ఎత్తుకు అర్థమే లేదు. ఇంక్లైన్ 3తో, చేతులు వదిలి నడవడం వంద రెట్లు నయం. నిలబడి కాళ్లూ చేతులూ కలిపి ఆడించే క్రాస్ ట్రైనర్‌లో మడమ లేపితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పాదం మొత్తం ఆన్చాలి.

గురువారం లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టడం) ఉంది. ఆ రోజు మెట్లెక్కినట్టు తొక్కే స్టెప్పర్ జోలికి పోకుండా చదునైన ట్రెడ్‌మిల్ మీద 10 నిమిషాలు నడిచి, ఇంటికెళ్లి ఉప్పేసిన మజ్జిగ తాగితే చాలు.