చౌక గదికి ఇంగ్లీషు మాట దొరికిన తీరు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో మా మామయ్యకు పది గదుల లాడ్జి ఉంది. ‘గదులు అద్దెకు ఇవ్వబడును’ అనే తెలుగు బోర్డు ఎప్పటినుంచో ఉంది. ఉత్తరాది యాత్రికుల కోసం దాని కింద ఇంగ్లీషులో ఒక ముక్క రాయించాలనుకున్నాడు. డిగ్రీ చదివిన పాపానికి ఆ పని నా నెత్తిన పడింది.

క్షణం ఆలోచించకుండా ‘చీప్ రూమ్స్’ అని రాసిచ్చాను. పెయింటర్ సుద్దముక్కతో అక్షరాలు గీసుకుంటుండగా, గది ఖాళీ చేసి వెళ్తున్న ఒక లెక్చరరు గారు ఆగి చూశారు. "చౌకగా వచ్చిందని సంతోషించాను బాబూ. మీరేమో చౌకబారు గది అని రాస్తున్నారే!" అన్నారు.

నిజమే. మనకు చౌక వేరు, చౌకబారు వేరు. చౌకగా చీర కొన్నామని పదిమందికీ చెప్పుకుంటాం, చౌకబారు చీర అంటే మొహం చిట్లిస్తాం. ఇంగ్లీషులో ఆ రెంటికీ చీప్ ఒక్కటే. పిసినారినీ దానితోనే తిడతారు. ఒకప్పుడు దానికి ఈ మచ్చ లేదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు బేరం, వ్యాపారం అని అర్థం. లండన్‌లోని చీప్‌సైడ్ వీధికి ఆ పేరు అక్కడి పాత అంగడి వల్లే వచ్చింది.

తర్వాత రెండు రోజులు నిఘంటువుతో కుస్తీ. ‘ఇనెక్స్‌పెన్సివ్’లో ధర తగ్గుతుంది, మర్యాద తగ్గదు. కానీ ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు. పెయింటర్ అక్షరానికి 60 రూపాయలు అడుగుతున్నాడు. మామయ్య వేళ్ల మీద లెక్కపెట్టి వద్దన్నాడు. ‘అఫర్డబుల్’ మాట్లాడేది గది గురించి కాదు, వచ్చినవాడి జేబు గురించి. అరకోటి ఫ్లాటుకూ ఆ మాట తగిలిస్తారు. ‘ఎకనామికల్’ అంటే పొదుపైనది. పెట్రోలు తక్కువ తాగే స్కూటరుకు నప్పుతుంది, గది ఏం తాగుతుంది? ‘బడ్జెట్’ బాగుంది గానీ ఎదురు లాడ్జివాళ్లు ముందే రాయించుకున్నారు.

మూడో రోజు రేషన్ బియ్యానికి వెళ్లి వరుసలో నిలబడ్డాను. ఎదురుగా బోర్డు: ‘చౌక ధరల దుకాణం’. దాని కిందే ఇంగ్లీషులో ‘ఫెయిర్ ప్రైస్ షాప్’. చిన్నప్పటినుంచి సంచి పట్టుకుని చూస్తున్న బోర్డే! చౌకను చీప్ అనకుండా న్యాయమైన ధర అన్న ఆ గుమాస్తా ఎవరో గానీ దండం పెట్టాలనిపించింది. బియ్యం సంచితోనే లాడ్జికి వెళ్లి ‘ఫెయిర్ రెంట్’ అన్నాను.

"చీప్ రూమ్స్ కన్నా రెండక్షరాలు తక్కువ సార్" అన్నాడు పెయింటర్. మామయ్య మొహం వెలిగింది, వెంటనే ముడుచుకుంది.

"పెళ్లి ప్రకటనల్లో ఫెయిర్ అంటే తెల్లని పిల్ల అని కదరా? మన గదులకు ఉన్నది నీలం రంగు."

ఇది ఆ ఫెయిర్ కాదని ఓపికగా చెప్పాను. అంతా విని తల ఊపాడు. ఎందుకైనా మంచిదని ఆ ఆదివారమే పది గదులకూ తెల్ల సున్నం వేయించాడు.