న్యాయ రక్షణ బీమా తీసుకోవాలా, వద్దా?

వివాదం వచ్చి లాయరును పెట్టుకోవలసి వచ్చినా, కోర్టు మెట్లెక్కవలసి వచ్చినా, ఆ ఖర్చును భరించేదే న్యాయ రక్షణ బీమా. ఆరోగ్య బీమా గురించో వాహన బీమా గురించో మనలో చాలామందికి ఉన్నంత అవగాహన దీని గురించి లేదు. అందువల్ల కొందరు అవసరం లేకపోయినా కడుతున్నారు, నిజంగా అవసరమున్న మరికొందరు దీని జోలికే పోవడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది అందరికీ అవసరమైన బీమా కాదు. అయితే న్యాయం తమ పక్షాన ఉన్నా, ఖర్చుకు భయపడి హక్కును వదులుకోవలసి వచ్చేవారికి మాత్రం ఇది తీసుకోదగినదే. మనం ఆ కోవలోకి వస్తామో రామో ప్రీమియం చూసి తెలుసుకోలేము. మనం ఉంటున్న చోట కోర్టు ఖర్చులు ఎవరి మీద పడతాయి, పాలసీ షరతులు ఏమంటున్నాయి అన్నవి చూసినప్పుడే అది తేలుతుంది.

ఖర్చుల నియమం దేశానికో రకంగా ఉంటుంది. ఇంగ్లండ్, జర్మనీ వంటి దేశాల్లో సాధారణంగా ఓడినవారే గెలిచినవారి లాయరు ఫీజును కూడా చెల్లించాలి. అమెరికాలో ఎక్కువ కేసుల్లో, గెలిచినా ఓడినా, ఎవరి ఖర్చు వారిదే. మొదటి పద్ధతిలో కేసు బలంగా ఉన్నా, ఓడిపోతే రెండు వైపుల ఖర్చూ మీద పడుతుందన్న భయం మనిషిని వెనక్కి లాగుతుంది. రెండో పద్ధతిలో రావలసిన సొమ్ము చిన్నదైతే, గెలిచి కూడా నష్టపోవచ్చు. ఒకే దేశంలో సైతం అన్ని కోర్టులకూ ఒకే నియమం ఉండదు. జర్మనీలో కార్మిక న్యాయస్థానాల మొదటి అంచెలో, గెలిచిన ఉద్యోగి కూడా తన లాయరు ఫీజును తానే భరించుకోవాలి. అన్యాయంగా ఉద్యోగంలోంచి తీసేశారని కోర్టు ఒప్పుకున్నా, ఆ ఫీజు తిరిగి రాదు. జీతం ఆగిపోయిన సమయంలో ఈ భారం ఎంతటిదో ఆలోచిస్తే, అక్కడి ఉద్యోగులు ఈ బీమా వైపు ఎందుకు చూస్తారో అర్థమవుతుంది.

పాలసీ సాధారణంగా లాయరు ఫీజు, కోర్టు రుసుము, సాక్షులకూ నిపుణుల నివేదికలకూ అయ్యే ఖర్చు, ఓడితే ఎదుటి పక్షానికి చెల్లించవలసిన ఖర్చు, ఇవన్నీ ఒక గరిష్ఠ పరిమితి వరకు భరిస్తుంది. జరిమానాను గానీ, కోర్టు మనల్ని కట్టమన్న నష్టపరిహారాన్ని గానీ భరించదు. విడాకులు, ఇంటి నిర్మాణ వివాదాలు, పెట్టుబడుల్లో వచ్చిన నష్టాలు చాలా పాలసీల్లో మినహాయింపుల కింద ఉంటాయి, లేదా ఒక్క సలహాకు మాత్రమే పరిమితమవుతాయి. మనిషి జీవితంలో అతి ఖరీదైన వివాదాలు తరచూ వీటి నుంచే పుడతాయి గనుక, మినహాయింపుల పేజీని అన్నిటికన్నా ముందు చదవాలని నేను గట్టిగా చెబుతాను.

ఎక్కువమంది దెబ్బతినేది తేదీల దగ్గర. కొన్ని రకాల వివాదాలకు, ముఖ్యంగా ఉద్యోగానికీ అద్దె ఇంటికీ సంబంధించిన వాటికి, వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక రక్షణ మొదలయ్యేదాకా ఆగవలసిన గడువు, ఉంటుంది. జర్మన్ పాలసీల్లో ఇది సాధారణంగా 3 నెలలు. కానీ ఆ గడువు దాటితే చాలదు. కోర్టు నోటీసు ఏ రోజున వచ్చిందన్నదాన్ని బీమా సంస్థ లెక్కలోకి తీసుకోదు, వివాదానికి మూలమైన మొదటి ఉల్లంఘన ఏ రోజున జరిగిందో చూస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. అద్దెకుంటున్న వ్యక్తి జనవరిలో గోడలకు చెమ్మ పడుతోందని యజమానికి ఉత్తరం రాశాడు. యజమాని పట్టించుకోలేదు. మార్చిలో ఆ వ్యక్తి పాలసీ తీసుకున్నాడు. జూలైలో అద్దె తగ్గించి కట్టాడు, ఆగస్టులో ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. వెయిటింగ్ పీరియడ్ జూన్‌లోనే ముగిసిపోయింది కాబట్టి క్లెయిమ్ చెల్లుతుందని అతను నమ్ముతాడు. బీమా సంస్థ మాత్రం ఆ జనవరి ఉత్తరాన్నే చూపించి, గొడవ పాలసీకి ముందే మొదలైందని తిరస్కరించవచ్చు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టినవారికి ఈ బీమా పనికిరాదు. పైఅధికారితో ఇప్పటికే పొసగక, హెచ్చరిక లేఖ చేతికి వచ్చాక పాలసీ కోసం వెతికేవారు ఈ విషయం తెలుసుకుని డబ్బు మిగుల్చుకోవాలి.

గెలిచే అవకాశం లేదనుకుంటే బీమా సంస్థ ఖర్చు భరించనక్కర్లేదు. బ్రిటన్ పాలసీల్లో విజయావకాశం 51 శాతం లేదా అంతకు మించి ఉండాలన్న షరతు తరచూ కనిపిస్తుంది. ఈ అంచనా వేసేది ఎవరన్నదే నాకు అసలైన ప్రశ్న. కొన్ని జర్మన్ పాలసీల్లో, సంస్థ తిరస్కరించినప్పుడు మన లాయరే కారణాలతో కూడిన అభిప్రాయం రాసి ఇవ్వవచ్చు. అది వాస్తవ పరిస్థితికి స్పష్టంగా విరుద్ధంగా ఉంటే తప్ప సంస్థ దానికి కట్టుబడాలి. ఇలాంటి నిబంధన ఉన్న పాలసీకి నాలుగు రూకలు ఎక్కువైనా ఇవ్వవచ్చునని నా నమ్మకం.

లాయరును ఎంచుకునే స్వేచ్ఛ కూడా ఇంతే ముఖ్యమైనది. యూరోపియన్ యూనియన్‌లో 1987 నాటి ఆదేశం, విచారణ దశలో లాయరును ఎంచుకునే హక్కును బీమా తీసుకున్నవారికే ఇచ్చింది. అయినా నెదర్లాండ్స్‌లో ఒక ఉద్యోగి కేసును తమ సొంత సిబ్బందే నడుపుతారని, బయటి లాయరు ఫీజు చెల్లించబోమని ఒక బీమా సంస్థ పట్టుబట్టింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2013లో ఆ వాదనను తోసిపుచ్చింది. అయితే చెల్లించే మొత్తానికి పరిమితి పెట్టుకోవడానికి, ఆ స్వేచ్ఛ నామమాత్రం కానంతవరకు, అవకాశం మిగిల్చింది. ఫీజు పరిమితి తక్కువైతే మనం కోరుకున్న లాయరు ఆ పరిధిలోకి రాడు. కాబట్టి ఈ అంకెను అడిగి తెలుసుకోవాలి.

కొత్త పాలసీ తీసుకునే ముందు, మనకు ఇప్పటికే ఉన్న రక్షణ ఏమిటో చూసుకోవడం తప్పనిసరి. స్వీడన్‌లో గృహ బీమాలో న్యాయ రక్షణ సాధారణంగా కలిసే ఉంటుంది. కార్మిక సంఘంలో సభ్యులైతే ఉద్యోగ వివాదాలకు సంఘమే లాయరును ఇవ్వవచ్చు. భారతదేశంలో 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, మరికొన్ని వర్గాలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. వీటిలో ఏదైనా మనకు వర్తిస్తే, అదే రక్షణకు రెండోసారి డబ్బు కట్టడంలో అర్థం లేదు.

ఇవన్నీ చూశాక నా లెక్క ఇలా ఉంది. ఒక కేసు ఖర్చును పొదుపులోంచి భరించగలిగినవారు, సొంత వ్యాపారమో ఉద్యోగ వివాదాల బెడదో లేనివారు ఈ బీమా లేకుండా ఉండవచ్చు. ఒకే జీతం మీద ఆధారపడి, అద్దె ఇంట్లో ఉంటూ, ఓడినవారే అన్నీ కట్టాలన్న నియమమున్న చోట బతికేవారు, వివాదమేదీ లేని ప్రశాంత సమయంలోనే, ఉద్యోగం, అద్దె అనే రెండు విభాగాలకైనా దీన్ని తీసుకోవడం మంచిది. ప్రతి కేసులో మనం భరించవలసిన సొంత వాటాను కొంత పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. చిన్న గొడవలకు ఎలాగూ దీన్ని వాడకూడదు, ఎందుకంటే 12 నెలల్లో రెండు క్లెయిములు వస్తే పాలసీని రద్దు చేసుకునే హక్కు సంస్థకు ఉంటుందని జర్మన్ షరతుల్లో సాధారణంగా రాసి ఉంటుంది. ఇక క్లెయిమ్ చేయవలసిన రోజే వస్తే, లాయరుకు వకాల్తా ఇచ్చే ముందే బీమా సంస్థకు వివరాలు పంపి, ఖర్చు భరిస్తామన్న హామీని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ హామీ లేకుండా మొదలుపెట్టిన పనికి చెల్లించబోమని చెప్పే వీలు చాలా పాలసీల్లో ఉంది.