ఇసుక వద్దంట

పదకొండున్నర అయింది. బుజ్జిది పడుకుంది, వాళ్ళ నాన్న అంతకు ముందే. నాకు మాత్రం సాయంత్రం మీటింగు ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

అవును, మా కాలనీ పార్కు గొడవే. ఉగాది నుంచీ ఇక్కడ దీని గురించే ఏడుస్తున్నాను కదా. పిల్లల కోసం ఓ మూల నాలుగొందల గజాలు కేటాయించి, "నువ్వు చదివింది ఈ తోటల డిజైనే కదమ్మా, కాస్త గీసిపెట్టు" అన్నారు. ఊరికేనే లెండి. మూడు ఆదివారాలు కూర్చుని గీశాను. చిన్న మట్టి దిబ్బ, ఇసుక గుంట, చేతిపంపు, దాని కింద రాళ్ళు పరిచిన కాలవ, అడ్డంగా పడుకోబెట్టిన చెట్టు మొద్దు, నీడకి కానుగ, తినడానికి నేరేడు, సీమచింత. ఓ పక్క ఏదీ పీకకుండా గడ్డి అలా వదిలెయ్యడం. గడ్డిచామంతీ అత్తిపత్తీ వాటంతటవే వస్తాయి, అదృష్టం బాగుంటే తొలకరికి ఆరుద్ర పురుగులు కూడా.

సెక్రటరీ గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఆడుకునే వస్తువులేవమ్మా?" అన్నారు.

ఇక మొదలు. ఇసుకలోకి కుక్కలొస్తాయి. నీళ్ళుంటే దోమలు, గడ్డుంటే పాములు. బట్టలు ఎవరు ఉతుకుతారు (వాషింగ్ మెషీన్ ఉతుకుతుందండీ!). రంగురంగుల రబ్బరు నేల వేయిద్దామని ఒకాయన శాంపిల్ ముక్క కూడా తెచ్చారు. మే నెలలో పదకొండింటికి చెప్పుల్లేకుండా దాని మీద నిలబడి చూపించమని అడగాలనిపించింది. అడగలేదు. దాని మధ్యలో తొండం మీంచి జారే సిమెంటు ఏనుగు, పక్కన నోరు తెరుచుకున్న పెంగ్విన్ చెత్తబుట్ట పెడదామన్నారు. ఫిన్లాండులో డేకేర్ ఆవరణల్లో అడవి మట్టీ గడ్డీ పరిచి, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్ని ఆడుకోనిస్తే 28 రోజుల్లోనే వాళ్ళ ఒంట్లో రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన మార్పులు కనిపించాయని 2020లో పరిశోధన పేపర్ వచ్చింది అని చెప్పాను. "ఫిన్లాండ్ వేరమ్మా" అన్నారు. ఏనుగు ఏ దేశానిదో మరి.

అసలు మండిపోయింది ఎక్కడంటే, వీళ్ళందరికీ ఇసుకంటే భయం గానీ కంచె పొడుగునా ఉన్న పచ్చగన్నేరంటే లేదు. పశువులు తినవని అది వేస్తారు. ఎందుకు తినవు? చెట్టంతా విషం కాబట్టి, గింజ మరీను. పిల్లలు ఆ కాయలు ఏరుకుని జేబుల్లో వేసుకుంటారండీ అంటే, "ఇన్నేళ్ళుగా ఉంది, ఏమైంది?" అని జవాబు. చివర్లో ఒక పెద్దాయన మాత్రం తురాయి మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపందాలు ఆడేవాళ్ళం అని చేత్తో చూపించారు, ఓ నిమిషం అందరూ నవ్వారు. అంతే, మళ్ళీ రబ్బరు.

ఇంటికొచ్చాక మా ఊళ్ళో వసారా పడగొట్టి డాబా వేసినప్పటి ఇసుక కుప్ప గుర్తొచ్చింది. గోదారి ఇసుక, రెండు లారీలు. బడి వదలగానే పలకలు అరుగు మీద పడేసి దాని మీదే ఉండేవాళ్ళం, పాదం లోపలికి పెట్టి పైన తడి ఇసుక తట్టి తట్టి మెల్లగా కాలు లాగి పిచ్చుక గూళ్ళు కట్టేవాళ్ళం, కూలితే మళ్ళీ. తాపీ మేస్త్రి జల్లెడ పట్టగా మిగిలిన గుల్లలూ గులకరాళ్ళూ మాకే. ఇసుక ఎండిపోతే గూడు నిలవదని సాయంత్రం ఓ బకెట్ నీళ్ళు ఆయనే చల్లేవాడు. "ఇటు పక్క మీది, అటు పక్క నాది, హద్దు దాటితే తాట తీస్తా" అనేవాడు. మీటింగులో ఇదంతా చెప్పాను కూడా, కాస్త గొంతు బొంగురుపోయేలా.

చెప్పనిది ఇంకోటుంది. ఓ రోజు తమ్ముడు గుహ తవ్వుతానని కుప్పలోకి తల దూర్చాడు, పైనుంచి జారి ఛాతీ దాకా కప్పేసింది. మాకు అరవడం కూడా చేతకాలేదు. మేస్త్రి తాపీ పారేసి వచ్చి రెండు కాళ్ళూ పట్టి లాగాడు. తర్వాత మమ్మల్ని తరిమెయ్యలేదు, పార తీసుకుని మా వైపు కుప్పని మోకాలెత్తుకి చదును చేసి, "గుహలొద్దు, గూళ్ళు కట్టుకోండి" అన్నాడు. నాన్నకి చెప్పలేదు. తమ్ముడికైతే అసలు గుర్తే లేదట.

అంటే కాలనీవాళ్ళ భయం ఉత్తదేం కాదు. తీపిదొక్కటే చెప్పి వాళ్ళని పిరికివాళ్ళని చేశాను. డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అని తోటలు డిజైన్ చేసే ఆయన, తను కట్టిన ఆటస్థలాల్లో కంటే కట్టుబడి జరిగే చోట్లే పిల్లలు హాయిగా ఆడుతున్నారని గమనించి 1931లోనే రాశాడు, 1943లో కోపెన్‌హాగన్ దగ్గర ఎమ్‌డ్రప్‌లో పాత చెక్కలూ సామాన్లతో అలాంటి ఆటస్థలమే తెరిచారు. కాలేజీలో అందరం ఆ ఫొటోలే చూశాం. అక్కడ పిల్లలతో ఉండటానికి బెర్టెల్‌సెన్ అనే మనిషిని పెట్టారన్నది పరీక్షకి చదివి మర్చిపోయాను. మా మేస్త్రి లాంటి మనిషే కదా అది!

నా డ్రాయింగులో దిబ్బుంది, మొద్దుంది, మనిషి లేడు. రాత్రికి ఇసుక మీద వల కప్పేదెవరు, పొద్దున గాజుముక్కలేమైనా ఉన్నాయేమో చూసేదెవరు? మాలి చెయ్యాలి. మాలికి మూడొందలు పెంచమంటేనే రెండు మీటింగులు పట్టింది ఈ మహానుభావులకి. ఇందాకే రబ్బరుతో చెరిపి ఇసుక లోతు తగ్గించాను, కానుగ కింద మాలి కూర్చోడానికి ఓ అరుగు గీశాను. జీతం మాట డ్రాయింగులో ఎక్కడ రాస్తాం.

రేపు సెక్రటరీ గారికి ఫోన్ చేసి, కుక్కల సంగతి మీరన్నది నిజమే, వల వేద్దాం అని చెప్పాలి. అలా అన్నానో, ఏనుగుకి ఒప్పుకున్నట్టే అనుకుంటారు. పోనీ పెట్టుకోమంటాను, ఆ గన్నేరు పీకించి అక్కడే.