పెట్రోల్ ముల్లు, నాన్న లెక్క

బండి 1997 మారుతి 800, కార్బురేటర్‌ది. మొదటి నుంచీ నాన్న చేతిలోనే ఉంది. పోయినేడాది ఆయనకి కంటి ఆపరేషన్ అయ్యాక నాకొచ్చింది. తాళంతో పాటు రెండు జాగ్రత్తలు కూడా చెప్పారు. "పెట్రోల్ ముల్లు రాత్రిపూట చూడకురా, తక్కువ చూపిస్తుంది." ఇది మొదటిది. "ఖాళీ గీత మీదికొచ్చినా కంగారు పడకు, ఇంకో ఐదు లీటర్లుంటాయి." ఇది రెండోది. మొదటిది విని నవ్వాను. రెండోది నమ్మాను. తిరగేసి చేయాల్సింది.

మొదటి ఆదివారం

ముందు ఫుల్ ట్యాంకు కొట్టించాను. ఈ బండి ట్యాంకు 28 లీటర్లు. ముల్లు ఫుల్ గీతకి కాస్త కింద ఆగింది. సరే, పాత బండి కదా అనుకున్నా. చీకటి పడ్డాక లైట్లు వేసి ఇంటికొస్తుంటే ముల్లు ముప్పావుకి దిగింది. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి నిలబడ్డప్పుడు నా కళ్లముందే ఇంకా కిందికి జారింది. కాలు తీసి కదిలాక మళ్లీ మెల్లగా లేచింది. పెట్రోల్ తాగే బండిని చూశాను గానీ బ్రేకు నొక్కితే తాగే బండిని చూడలేదు.

తెలిసిన మెకానిక్‌ని అడిగితే మీటరు మొత్తం మార్చేద్దాం అన్నారు. ఆ పని చేయలేదు, కారణముంది. పాత బళ్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు వెనక చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్ ఒకటి ఉంటుంది. పెట్రోల్ ముల్లుకీ, ఇంజన్ వేడి ముల్లుకీ కరెంటు అదే ఇస్తుంది. అది చెడితే రెండు ముళ్లూ తప్పు చూపించాలి. నా వేడి ముల్లు బంగారంలా ఉంది. కాబట్టి తేడా వెనక ఉందని డిక్కీ వైపు వెళ్లాను.

అదే వారం, సాయంత్రాలు

వెనక సీటు ఎత్తి కార్పెట్ జరిపితే ట్యాంకు యూనిట్‌కి, అంటే ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే భాగానికి, వెళ్లే కనెక్టర్ దొరికింది. ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేశాను. ముల్లు ఖాళీకి పడిపోయింది. తర్వాత మీటరు వైపు వైరుని 3.4 వాట్ల చిన్న డ్యాష్ బల్బు గుండా బాడీకి ఆనించాను. వైరుని నేరుగా ఎర్త్ చేస్తే మీటరు లోపలి చుట్ట వేడెక్కిపోతుందని భయం, అందుకే మధ్యలో బల్బు. బల్బు వెలిగింది, ముల్లు నింపాదిగా పైకి కదిలింది. అంటే మీటరూ బాగుంది, ముందు నుంచి వెనక్కొచ్చే వైరూ బాగుంది.

ఇక మిగిలింది ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. యూనిట్ నల్ల వైరు నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా మల్టీమీటర్ పెడితే కరెంటుకి అడ్డు 5 ఓమ్‌లు చూపించింది. అక్కడ అర ఓమ్ ఉన్నా ఎక్కువే. మల్టీమీటర్‌ని వోల్టుల్లో పెట్టి మా ఆవిడని బ్రేకు నొక్కమన్నాను. ఎర్త్ మీద దాదాపు 5 వోల్టులు! ఎర్త్ అన్నాక అక్కడ సున్నా ఉండాలి.

అప్పుడు గానీ వెనక్కి నడిచి ఎడమ బ్రేకు లైటు చూడలేదు. కుడిదానికంటే మసకగా ఉంది. మా బండిలో ఎడమ లైటూ, ట్యాంకు యూనిటూ ఒకే ఎర్త్ బోల్టుకి చేరాయి. ఆ బోల్టు కింద తుప్పు. లైటు వెలిగితే ఆ కరెంటు తుప్పుని దాటలేక అక్కడే వోల్టేజ్ నిలబడుతుంది, యూనిట్ గుండా పారే కరెంటు తగ్గుతుంది, ముల్లు కిందికొస్తుంది. రాత్రిపూట ముల్లు చూడొద్దన్న మాట అక్షరాలా నిజం. వెళ్లి నాన్నకి చెప్తే, "నేను చెప్పిందేగా" అని పేపర్లోకి తల దూర్చారు.

10 నంబర్ స్పానర్‌తో బోల్టు విప్పి, రింగూ బాడీ రేకూ తెల్లగా మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, నక్షత్రపు వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. ఎర్త్ 0.2 ఓమ్‌లకి వచ్చింది. ముల్లు ఫుల్ గీత మీద కూర్చుంది, లైట్లు వేసినా కదల్లేదు. పని అయిపోయిందనుకుని ఫోటో తీసి స్నేహితులకి పంపించాను కూడా.

మూడో వారం: పరువు పోయిన రోజు

తర్వాతి రెండు వారాలు పెట్రోల్ పోయించలేదు, ముల్లుని పూర్తిగా చివరిదాకా చూద్దామని. సగం దాకా బాగానే దిగింది. సగం దాటిన కొన్నాళ్లకి ఉన్నట్టుండి ఖాళీ మీద పడింది. ట్రిప్ మీటర్ లెక్క ప్రకారం ఇంకా 9 లీటర్లుండాలి. రెండు రోజుల తర్వాత ముల్లు దానంతటదే ఖాళీ పైకి ఒక గీత లేచింది. పోన్లే, సర్దుకుంది అనుకున్నా. మళ్లీ కొన్నాళ్లకి నెమ్మదిగా ఖాళీకి చేరింది. నాన్న లెక్క గుర్తుంది: ఇంకో ఐదు లీటర్లు. ఆ ధైర్యంతోనే రెండు రోజులు ఊళ్లో తిరిగి, శనివారం కొవ్వూరు బయల్దేరాను.

రోడ్ కం రైల్ బ్రిడ్జి దాటి దిగుతుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బ్రిడ్జి మీద ఆగనందుకు గోదారమ్మకి దణ్ణం పెట్టుకున్నా. అక్కడ ఆగి ఉంటే వెనక హారన్లు రాజమండ్రి దాకా వినపడేవి. ఒక ఆటో అన్న బంకు దాకా తీసుకెళ్లి, తన డబ్బా ఇచ్చి పోయించి, డబ్బులు వద్దన్నాడు. కార్బురేటర్ బండి కాబట్టి కాసేపు సెల్ఫ్ కొడితే మెకానికల్ పంపు పెట్రోల్ లాక్కుని స్టార్టయింది. ట్యాంకులోనే కరెంటు పంపు ఉండే తర్వాతి మోడళ్లని ఇలా ఎండగడితే పంపుకి మంచిది కాదు.

ఇంటికొచ్చి నాన్నని నిలదీస్తే ఆయన అడిగింది ఒక్కటే. "ఎన్నోసారి పడ్డప్పుడు?"

నాలుగో ఆదివారం: ట్యాంకు దించాను

ట్యాంకు దించితే తప్ప మా బండిలో యూనిట్ చేతికందదు. పెట్రోల్ పని కాబట్టి పెరట్లో, ఆరుబయట. ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీశాను, ఫోన్ ఇంట్లో పెట్టాను, గొట్టంతో మిగిలిన పెట్రోల్ ఇనప డబ్బాలోకి తీశాను. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతుంది. అందుకని వంటింటి తలుపు వేయించి, సాయంత్రం దాకా పొయ్యి వెలిగించొద్దన్నాను. ఆ పూట హోటల్ టిఫిన్ ఖర్చు ఈ రిపేర్ ఖాతాలోకే వస్తుంది. బండిని జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, గొట్టాలకి రంగు దారాలు కట్టి గుర్తు పెట్టుకుని, ట్యాంకుని జాకీ మీద చెక్క వేసి మెల్లగా దించాను.

యూనిట్ బయటికి తీసి, బట్టతో తుడిచి, ఆవిరి పోయేదాకా నీడలో ఆరబెట్టాను. గట్టు మీద పెట్టి, ఫ్లోటు (పెట్రోల్ మీద తేలే బుడ్డి) చేతిని పైకీ కిందికీ తిప్పుతూ ఓమ్‌లు చూశాను. పూర్తిగా పైన (ఫుల్) 4, మధ్యలో 33, కింద (ఖాళీ) 118. అంకెలు మూడూ పద్ధతిగానే ఉన్నాయి. కానీ 50, 80 ఓమ్‌ల మధ్య డిజిటల్ మీటరు పిచ్చిదానిలా ఎగిరింది. మా మావయ్య రేడియోలు బాగుచేసే రోజుల్లో వాడిన ముల్లు మీటరు తెచ్చి పెట్టాను. ఇలాంటి పనికి అదే మేలు. కాంటాక్ట్ తెగిన ప్రతిసారీ ముల్లు టక్కున పడి లేవడం స్పష్టంగా కనిపించింది.

రేకు మూత విప్పి భూతద్దంతో చూశాను. సన్నని తీగ చుట్టిన పట్టీ, దానిమీద జారే ఇత్తడి వేలు. పట్టీ రెండు చివర్లా తీగ నల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. ఖాళీకి కొంచెం పైన, ఒక వేలెడు కూడా లేని మేర, వెండిలా మెరుస్తూ గాడి పడిపోయింది. వేలు ఆ గాడిలో తీగని సరిగా తాకడం లేదు. లెక్కగడితే అది ట్యాంకులో 5 నుంచి 10 లీటర్ల మధ్య చోటు.

నాన్న జన్మలో ఫుల్ ట్యాంకు కొట్టించిన మనిషి కాదు. రెండు వందలకో, తర్వాత రోజుల్లో ఐదు వందలకో పోయించేవారు. ఐదు లీటర్ల కిందికి ఎప్పుడూ రానివ్వలేదు, ట్యాంకులో పది దాటనివ్వలేదు. ఇన్నేళ్లూ ఫ్లోటు ఆ ఐదు లీటర్ల మేరలోనే ఊగుతూ పట్టీని అరగదీసింది. ముల్లు ఖాళీకి పడేది గాడి మొదలైన చోట. ఆయన పోయించేవారు గాడి అయిపోయేలోపే. ఆయన లెక్క ఆయన బండికి సరిగ్గా సరిపోయింది. నేను గాడి దాటి అవతలికెళ్లి, రెండోసారి పడ్డ ముల్లుని మొదటిసారి పడ్డట్టు చదివాను.

బాగు చేసిన పద్ధతి

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్షుతో పట్టీ శుభ్రం చేశాను. ఎమరీ పేపర్ ఇక్కడ వాడకూడదు, తీగ తెగుతుంది. తర్వాత ముక్కు పటకారుతో ఇత్తడి వేలుని ఒక మిల్లీమీటరు పక్కకి వంచాను, గాడి పక్కన అరగని తీగ మీద జారేలా. మూడుసార్లు వంచితే గానీ కుదర్లేదు. రెండోసారి ఎక్కువ వంచి పట్టీ అంచు దాటించేశాను. ముల్లు మీటరు మీద 4 నుంచి 118 దాకా ఎక్కడా తెగకుండా పోయింది.

కొత్త యూనిట్ కొందామని కూడా చూశాను. కొనేవాళ్లు ఓమ్‌లు అడిగి కొనండి. అమెరికా జీఎం బళ్ల యూనిట్లలో ఖాళీ అంటే 0, ఫుల్ అంటే 90. మన దానికి పూర్తిగా తలకిందులు. బిగిస్తే ఖాళీ ట్యాంకుకి ఫుల్ చూపిస్తుంది.

ఫ్లోటుని ఊపి చూశా, లోపల పెట్రోల్ చేరలేదు. యూనిట్ కింద రబ్బరు వాషర్, రెండు పెట్రోల్ గొట్టాలూ బిగుసుకుపోయి పగిలాయి. ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలే కాబట్టి దానికి తట్టుకునే రకం అడిగి మరీ తెచ్చాను.

ట్యాంకు ఎక్కించాక ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు రాసుకున్నా. 5 దగ్గర ఖాళీకి ఒక గీత పైన. 10 దగ్గర మూడో వంతు. 15కి సగం దాటింది. 25కి ఫుల్ గీతకి వెంట్రుకవాసి కింద. ఈ చీటీ సన్ వైజర్ కింద పెట్టాను.

నిన్న నాన్నని పుష్కర ఘాట్ దాకా తీసుకెళ్లాను. దారిలో బంకు దగ్గర ఆపమన్నారు. ముల్లు సగం మీదుంది, ఎందుకు నాన్నా అన్నాను. "ఐదు వందలకి పోయించు" అన్నారు, జేబులోంచి నోటు తీస్తూ.