మీటరు సరిపోయింది, కిలోమీటర్లు తప్పాయి

బొలెరోకు 215/75 ఆర్15 టైర్లు తీయించి 235/75 ఆర్15 వేయించాను. చుట్టుకొలత నాలుగు శాతం పెరిగింది. మీటరుకు రోడ్డుతో పని లేదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే దాని లెక్క. కాబట్టి ఇక తక్కువ చూపాలి.

కావలి దాటాక హైవే మీద ఫోను జీపీఎస్‌తో పోల్చాను. అక్కడా 80, ఇక్కడా 80! పాత టైర్లతో మీటరు 80 అంటే ఫోను 77 అనేది. కంపెనీలు స్పీడోమీటరును కాస్త ఎక్కువ చూపేలానే పెడతాయి. ఆ అబద్ధాన్ని పెద్ద టైరు మింగేసింది.

"సరిచేయమంటారా అన్నా?" అన్నాడు ఒంగోలు మెకానిక్. వేగం సంగతి వదిలెయ్యమన్నాను. దూరం లెక్కలో ఆ అబద్ధం లేదు కాబట్టి, తిరిగిన దూరమే ఇప్పుడు తక్కువ పడుతోంది: 10,000 కనబడితే నిజానికి దాదాపు 10,400. మైలేజీ పడిపోయిందని డీజిల్ బంకును తిట్టుకునేవారు ముందు ఈ గుణకారం చేయాలి. ఆయిల్ మాత్రం మీటరు 9,600 చూపగానే మార్పిస్తాను, అప్పటికే నిజంగా 10,000 తిరిగినట్టు.