పదకొండు కిలోజౌళ్లు ఎటు పోయాయి?

డిగ్రీ మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబ్‌లో నాకు పడిన ప్రయోగం 'పొటాషియం నైట్రేట్ ద్రావణోష్ణం కనుక్కోవడం'. పేరు చూసి బెదిరాను గానీ, తీరా చూస్తే అది మన సురేకారమే. కరుగుతూ నీళ్లలోని వేడి లాగేసుకుంటుంది. అక్బర్ కాలంలో తాగేనీళ్లు చల్లబరచడానికి దీన్నే వాడేవారు. ఒక మోల్, అంటే 101 గ్రాములు, కరిగితే పీల్చుకునే వేడి దాదాపు 34.9 కిలోజౌళ్లు. ఆ అంకె నా చేత్తో రాబట్టాలి.

250 మి.లీ. బీకరును పెద్ద బీకరులో పెట్టి, చుట్టూ దూది కూరాను. పైన అట్టముక్క మూత, దానికి రెండు కంతలు: ఒకటి థర్మామీటరుకు, ఒకటి కలిపే కడ్డీకి. 100 మి.లీ. నీళ్లలో 10.1 గ్రాముల సురేకారం వేసి కలిపాను. ఉష్ణోగ్రత 5.2 డిగ్రీలు పడింది. ద్రావణం 110 గ్రాములు, ఇంటూ 4.18 (గ్రాము నీళ్లు ఒక డిగ్రీ మారడానికి పట్టే జౌళ్లు), ఇంటూ 5.2... వేసింది మోల్‌లో పదో వంతు కాబట్టి, మోల్‌కు 23.9 కిలోజౌళ్లు. పదకొండు తక్కువ!

పక్క బెంచీవాళ్లు 34.9 నుంచి వెనక్కి లెక్కేసి రీడింగులు వండేస్తున్నారు. నాకూ చెయ్యి లాగింది, అబద్ధమెందుకు. అంతలో ల్యాబ్ అసిస్టెంట్ సార్ వచ్చి, "బీకరు వాటా ఎక్కడ రాశావ్?" అన్నారు.

నీళ్లతో పాటు బీకరూ చల్లబడింది, అంటే దాని వేడి కూడా సురేకారానికే పోయింది. ఆ వాటా తేల్చడానికి బీకరులో 30 డిగ్రీల నీళ్లు 50 గ్రాములు పోసి, వాటిలో 50 డిగ్రీల నీళ్లు మరో 50 గ్రాములు కలిపాను. గాజు ఏమీ తినకపోతే 40 రావాలి. 38.6 దగ్గర ఆగింది. లెక్క కడితే బీకరు 16 గ్రాముల నీళ్లతో సమానం. ఇదే జలతుల్యాంకం. పాత రీడింగుకే దీన్ని కలిపితే 27.4 అయింది.

మిగతా తప్పంతా నాదే. ఎండాకాలం, గది 35 డిగ్రీలు. నేనేమో కుండలోంచి 27 డిగ్రీల నీళ్లు పట్టుకొచ్చాను. సురేకారం వేయకముందే అవి వేడెక్కుతున్నాయి. పైగా పలుకులు పెద్దవి, కరగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ గది తన వేడిని లోపలికి పంపుతూనే ఉంది.

మర్నాడు నీళ్లను రెండు గంటలు ల్యాబ్‌లోనే ఉంచాను. సురేకారాన్ని కల్వంలో మెత్తగా నూరాను. అది వేయకముందు ఐదు నిమిషాలు, వేశాక పది నిమిషాలు, అర నిమిషానికో రీడింగు. గ్రాఫ్ గీసి, గది పంపిన వేడి లెక్కలోంచి పోయేలా, చివరి గీతను సురేకారం వేసిన క్షణం దాకా వెనక్కి పొడిగించాను. తేడా 6.4 డిగ్రీలు. బీకరు వాటా కలిపి మోల్‌కు 33.7 కిలోజౌళ్లు. రికార్డులో అదే రాశాను, 34.9 అని దిద్దలేదు.

వైవాలో, అంటే నోటి పరీక్షలో, ముందు అసలు చల్లబడటమెందుకని అడిగారు. స్ఫటికంలోని అయాన్లను విడదీయడానికి పట్టే శక్తి ఎక్కువ, వాటిని నీటి అణువులు చుట్టుకున్నప్పుడు తిరిగొచ్చేది తక్కువ అన్నాను. "మరి థర్మాస్ ఫ్లాస్కు వాడితే జలతుల్యాంకం మానేయొచ్చా?"

"లేదు సార్, గది గొడవ తగ్గుతుంది గానీ లోపలి గాజు వాటా లెక్కలోకి రావాల్సిందే."

సార్ నవ్వి, తర్వాతి నంబరు పిలిచారు.