తెఫ్ పిండి, ఇంజెరా: బహిర్ దార్ వంటింటి నోట్సు

తెఫ్ అనే ఇక్కడి చిరుధాన్యపు పిండి దారికొచ్చింది. ఇప్పుడు ఇంజెరా, అంటే పులిసిన పిండితో వేసే దోశలాంటి రొట్టె మీద కళ్ళు (బుడగలు పగిలిన చిన్న రంధ్రాలు) అంచు నుంచి నడిమి దాకా ఒకే తీరుగా విచ్చుకుంటున్నాయి. ఇథియోపియా వచ్చినప్పటి నుంచీ నేను కోరుకున్నది ఇదే.

ప్రస్తుతం వాడుతున్న కొలత: కిలో తెఫ్ పిండికి లీటరున్నర నీళ్ళు, పాత పిండి మీద తేరిన పసుపు రంగు నీళ్ళు ఒక గ్లాసు. ఈ నీళ్ళే ఎర్షో, పులియబెట్టేది ఇదే. చేత్తో బాగా మర్దించి మూత పెడతాను. మార్చిలో రెండు రోజులకే పులిసేది. కిరెమ్త్ వానలు పట్టాక మూడో రోజు దాటుతోంది. ఊరు దాదాపు 1800 మీటర్ల ఎత్తున ఉంది, వానాకాలం రాత్రుళ్ళు చలి. అందుకే బకెట్‌ని పొయ్యి దగ్గరికి మార్చాను.

అసలు పనితనమంతా అబ్సిత్‌లో ఉంది. పులిసిన పిండి మీద తేటని వంచేసి, వచ్చే వాయికి కావలసినంత సీసాలో దాస్తాను. తర్వాత రెండు గరిటెల పిండిని మరిగే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ చిక్కటి గంజి కాస్తాను. ఇదే అబ్సిత్. గోరువెచ్చగా అయ్యాక దాన్ని తిరిగి పిండిలో కలపాలి. తెఫ్‌లో గ్లూటెన్ లేదు కదా, బుడగని పట్టి ఉంచే జిగురు ఈ ఉడికిన పిండి ఇస్తుంది. అబ్సిత్ కలపకుండా ఒకటి, కలిపి ఒకటి పక్కపక్కన వేసి చూశాను. కలపనిది చల్లారగానే మడత దగ్గర చిట్లింది, కలిపింది మర్నాటికీ మెత్తగా ఉంది. మా ఇంటావిడైతే కొలతలేమీ చూడదు. పిండిలో చెయ్యి ముంచి, వేళ్ళ సందుల్లోంచి జారే తీరు చూసి, ఇంకో చెంబు నీళ్ళు పొయ్యమంటుంది.

మితాద్ దాదాపు రెండడుగుల వెడల్పు పెనం. మాది కరెంటుది, మూడున్నర కిలోవాట్లు లాగుతుంది. నూనె వెయ్యరు. గొమెన్‌జెర్ (ఆవజాతి మొక్క) గింజల పొడి చల్లి, గుడ్డతో రుద్ది తుడిచేస్తే అంటుకోదు. పిండిని అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా పోసి, కళ్ళు విచ్చుకున్నాక మూత పెట్టాలి. రెండు మూడు నిమిషాలకి అంచు లేస్తుంది. తిరగెయ్యకుండా గడ్డి చాట మీదికి జార్చడమే.

అడెట్ వైపు పొలాల్లో తెఫ్ వేసే తీరు చూశాక ఈ పిండి మీద గౌరవం పెరిగింది. నల్లరేగడిని ఎద్దులతో పదే పదే దున్ని, పశువులతో తొక్కించి, పైపైన వెదజల్లుతారు. వెయ్యి గింజలు తూచినా దాదాపు గ్రాములో మూడో వంతే. అంత చిన్న గింజ నీరు నిలిచినా తట్టుకుంటుంది, వాన తక్కువైనా పండుతుంది. ముందస్తు వానలకి వేసిన జొన్న, మొక్కజొన్న ఎండిపోతే, జులైలో అదే చేను మళ్ళీ దున్ని తెఫ్ వేస్తారు. 1984-85లో వొల్లో, తిగ్రాయ్ ప్రాంతాల్లో అలాంటి ఆసరాలేవీ చాలలేదు, కరవుకి అంతర్యుద్ధం తోడైంది. 1993లో ఎరిట్రియా విడిపోయాక దేశానికి తీరమే లేదు, బయటి గోధుమలు చాలావరకు జిబూతీ రేవు మీదుగానే రావాలి. కాబట్టి సొంత నేలలో పండేదే ఇక్కడ ధైర్యం.

తెల్ల తెఫ్ ఖరీదెక్కువ, అందుకే ఇళ్ళల్లో ఏ ప్రాంతం పంట ఆ ప్రాంతంలో కలుపుతారు. తానా సరస్సు పక్కనున్న ఫొగెరాలో బియ్యప్పిండి కలుస్తుంది. గొజ్జాంలో దాగుస్సా కలుపుతారు, అంటే మా విజయనగరం చోళ్ళు (రాగులు). చోళ్ళు పుట్టింది ఈ తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లోనే. అరకులో పసుపు పచ్చగా పూసే వలిసెలు కూడా ఇక్కడివే, వాటి నూనె ఇక్కడ ప్రతి దుకాణంలో ఉంటుంది. మూడు పాళ్ళు ఎర్ర తెఫ్‌కి ఒక పాలు చోడిపిండి నాకు బాగా కుదిరింది: రంగు ముదురు, పులుపు కాస్త ఎక్కువ, శిరో (శనగపిండి) కూరతో చాలా బాగుంటుంది. సగానికి సగం వేస్తే కళ్ళు తగ్గుతున్నాయి.

తర్వాతి వాయి తెల్లజొన్నతో. తూర్పు పల్లపు ప్రాంతాల్లో జొన్న ఇంజెరానే ఎక్కువ, కానీ అది త్వరగా గట్టిపడుతుంది. సగం జొన్న, సగం తెఫ్ వేసి, అబ్సిత్‌కి నాలుగు గరిటెల పిండి తీద్దామనుకుంటున్నాను.